ఉద్దానంలో నీళ్ళ వెంట: ఒక ఫీల్డ్‌వర్క్ కేస్ స్టడీ

2022 వేసవికి ముందు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ నాకు ఒక పని అప్పగించింది. ఊళ్ళో ఆర్వో ప్లాంటు ఉన్నా జనం దాని నీళ్ళు పూర్తిగా ఎందుకు వాడటం లేదో తెలుసుకుని చెప్పాలి. అప్పటికే వాళ్ళు ఒక సర్వే చేయించారు. దాని ప్రకారం దాదాపు ప్రతి ఇల్లూ తాగేది ప్లాంటు నీళ్ళే. ప్లాంటు దగ్గర రోజూ నిండే క్యాన్ల లెక్క చూస్తే మాత్రం ఆ నీళ్ళు ఊళ్ళో సగం మందికి కూడా చాలవు. జనం అబద్ధం చెబుతున్నారా, లెక్క రాసేవాడు తప్పు రాస్తున్నాడా అన్నది సంస్థవాళ్ళ అనుమానం. నేను ఆంత్రొపాలజీ, అంటే మానవశాస్త్రం, చదువుకున్నదాన్ని. ఇలాంటి తేడా కనిపిస్తే ముందు నా అనుమానం ప్రశ్న మీదికే పోతుంది.

ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. ఇక్కడ ఒక్క ఆనవాలు చాలు, ఎవరి ఇల్లో పక్క ఊరివాళ్ళు పట్టేస్తారు. ఎందుకంత జాగ్రత్తో ముందుముందు అర్థమవుతుంది.

ఉద్దానం సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సముద్రం వెంబడి పరుచుకున్న తోటల సీమ ఇది. కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు తరాల నాటి కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. నేను వెళ్ళేనాటికి తోటల్లో మోకాలెత్తు, నడుమెత్తు మొక్కలు చాలా కనిపించేవి. అంతకు చాలాముందు నుంచే ఈ ప్రాంతాన్ని కిడ్నీ జబ్బు పట్టుకుంది. షుగరు, బీపీ లేని మనుషులకు, అందులోనూ ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు, కిడ్నీలు నెమ్మదిగా పాడవుతాయి. చాలామందికి ఒంట్లో తేడా తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువాల చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. నీళ్ళలోని ఖనిజాలు, పురుగుమందులు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ అనుమానితుల జాబితా పెద్దదే. ఇదీ కారణం అని ఏ ఒక్కదాన్నీ తేల్చి చెప్పలేకపోయారు.

కారణం తేలని జబ్బు ఉన్న ఊళ్ళో ప్రతి మనిషికీ సొంత వాదన ఒకటి ఉంటుంది. మా పక్కింటాయన దృష్టిలో తప్పంతా బోరునీళ్ళది. ఆయన తమ్ముడి దృష్టిలో జీడితోటలకు కొట్టిన మందులది. వాళ్ళమ్మ మాత్రం ఎనభై ఏళ్ళు అదే బావినీళ్ళు తాగి గట్టిగా ఉన్న తనను చూపించి ఇద్దరి నోళ్ళూ మూయించేది. ఫీల్డ్‌వర్కర్‌గా నేను వాళ్ళల్లో ఎవరి పక్షానా తీర్పు చెప్పక్కర్లేదు. ఆ వాదనను బట్టి ఎవరు ఏ బిందె ముట్టుకుంటున్నారో చూస్తే చాలు.

ఊళ్ళోకి వెళ్ళడం తేలికే, ఊళ్ళో మనిషినని అనిపించుకోవడానికే టైం పట్టింది. రిటైరైన మాస్టారొకరి ఇంటి మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. మొదటి వారాల్లో ఏ అరుగు మీద కూర్చున్నా ఇదే సంభాషణ.

"రక్తం తీస్తారేటమ్మా?"

"లేదు పెద్దమ్మా, రక్తం తీయడానికి రాలేదు."

"మరేటి తీస్తారు?"

నవ్వులాటకు అన్న మాట కాదది. ఏళ్ళ తరబడి బృందాలు వచ్చాయి. రక్తం, మూత్రం, నీళ్ళు, మట్టి, ఒక్కోసారి బియ్యం, కూరగాయలు కూడా పట్టుకెళ్ళాయి. రిపోర్టు తిరిగి ఇంటికొచ్చిన వాళ్ళు తక్కువ. ఒకావిడ గోడకు కొట్టిన మేకుకు తగిలించిన ప్లాస్టిక్ సంచీ దించి చూపించింది. అన్నీ చీటీలే. ఏ తేదీన ఎవరు వచ్చి ఏం తీసుకెళ్ళారో వాటిమీద ఉంది, ఏం తేలిందో ఒక్కదానిమీదా లేదు. "ఇంత రక్తం తీసీసి ఏటి సేసుకున్నారో మరి," అంది. ఆ సంచీ చూశాక నేను ఏ ఇంట్లో ఏం రాసుకున్నా, ఆ ఇంటివాళ్ళకు సంబంధించినంతవరకు అదే వారంలో చదివి వినిపించాలని పెట్టుకున్నాను. పని నత్తనడక నడిచింది. కానీ చదివి వినిపించినప్పుడు వాళ్ళు చేసిన సవరణల్లో, మొదట చెప్పినదానికన్నా ఎక్కువ సమాచారం దొరికింది.

అంగీకార పత్రంతో వేరే చిక్కు. పరిశోధనలో సంతకం తీసుకోవాలని నియమం. ఇక్కడ సంతకం అనగానే జనానికి గుర్తొచ్చేవి భూమి కాగితాలు, బ్యాంకు అప్పు, పింఛను. వేలిముద్ర వేశాక ఒక పెద్దాయన, "ఇక ఏ నెల నుంచి వస్తాదమ్మా?" అని అడిగాడు. అప్పట్లో డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు నెలకు 10,000 రూపాయలు, డయాలసిస్ దాకా వెళ్ళకపోయినా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు పాడయ్యేకొద్దీ పెరిగే వ్యర్థం) 5 దాటినవాళ్ళకు 5,000 పింఛను వచ్చేది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ అంకె 1 దగ్గర ఉంటుంది. ఈయనది నాలుగున్నర. "ఆడే ఆగిపోనాది," అన్నాడు, పరీక్షలో ఒక్క మార్కుతో తప్పిన పిల్లాడిలా. పక్కనే చేట పట్టుకుని కూర్చున్న కోడలు కస్సుమంది: "ఆగిపోనాదని ఏడుస్తావేటి మావా, ఆగినందుకు దండం పెట్టుకో!" ఇద్దరూ నావైపు చూశారు. ఎవరి మాట రైటో నేను చెప్పాలి. పింఛను విషయంలో నా చేతిలో ఏమీ లేదని మళ్ళీ మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ఆయన నమ్మాడనుకోను. నోటుబుక్కు, పెన్నూ పట్టుకుని వచ్చిన మనిషి చేతిలో ఏమీ లేదంటే ఈ ఊళ్ళో ఎవరు నమ్ముతారు?

ఆంత్రొపాలజీలో చేరిన మొదటి ఏడాదే నేర్పే పనిముట్టు వంశవృక్షం గీయడం. 1898లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధికి వెళ్ళిన బృందంలోని డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు దాన్ని ఒక పద్ధతిగా మలిచాడు. మగవాళ్ళకు త్రికోణం, ఆడవాళ్ళకు సున్నా, చనిపోతే అడ్డగీత. పెళ్ళికి రెండు గీతలు, తోబుట్టువులకు పైన ఒక పట్టీ. కాగితం మీద పెడితే ఎంత పెద్ద కుటుంబమైనా పావుగంటలో చేతికొస్తుంది, ఎవరూ నొచ్చుకోరు అని మా క్లాసుల్లో చెప్పేవారు.

ఉద్దానంలో అది చెల్లలేదు. ఒక ఇంట్లో నలుగురు అన్నదమ్ముల త్రికోణాలు వేశాను. పెద్దాయన భార్య చెబుతోంది, నేను గీస్తున్నాను. మొదటి దానికి అడ్డగీత, రెండోదానికి అడ్డగీత. మూడోదాని దగ్గర పెన్ను ఆగింది. ఆవిడ నా కాగితం వంక చూస్తూ, "గీసీమ్మా, ఆయనా లేడు," అంది. నాలుగో త్రికోణం ఖాళీగా మిగిలింది. ఆ నాలుగో మనిషి వాకిట్లో సైకిలు ట్యూబుకు పంక్చరు వేసుకుంటున్నాడు. లోపలికొచ్చి కాగితం చూసి, ఇందులో తనదెక్కడ అని అడిగాడు. చూపించాను. కాసేపు చూసి, మళ్ళీ వెళ్ళి ట్యూబుకు గాలి కొట్టడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఏ ఇంట్లోనూ మనుషుల ఎదుట వంశవృక్షం గీయలేదు. వావివరసలు మాటల్లోనే తెలుసుకుని రాత్రి గదిలో గీసుకునేదాన్ని. దీనికి ఇంకో కారణమూ ఉంది. పెళ్ళికావాల్సిన పిల్లలున్న ఇళ్ళల్లో జబ్బు సంగతి దాస్తారు. ఉద్దానం సంబంధమంటేనే బయటి ఊళ్ళవాళ్ళు వెనకాడతారు. ఫలానా ఇంట్లో తల్లి మందులు వాడుతోందన్న మాట కాగితం మీద ఉంటే చాలు, ఆ పిల్ల పెళ్ళి ఆగిపోవచ్చు. నా నోటుబుక్కుల్లో ఇళ్ళకు పేర్లకు బదులు చెట్ల పేర్లు పెట్టుకున్నాను. ఏ చెట్టు ఏ ఇల్లో రాసిన జాబితా ఆ ఊళ్ళోనే ఉంచలేదు.

నోట్సు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ కర్ణాటకలోని రాంపురా గ్రామం మీద ఏళ్ళ తరబడి తయారుచేసుకున్న నోట్సు 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో, ఉన్న ప్రతులన్నీ ఒకేచోట కాలిపోయాయి. ఆ కథ విన్నప్పటి నుంచి నాకు కాగితాల విషయంలో టెన్షన్ ఎక్కువ. ప్రతి సాయంత్రం పేజీలు ఫోనుతో ఫొటో తీసి, పాస్‌వర్డ్ పెట్టి దాచుకునేదాన్ని. పగలంతా జేబులో పెట్టుకున్న చిన్న చీటీల మీద నాలుగు ముక్కలు, రాత్రికి పూర్తి వివరం. పడుకుని లేచాక రాద్దామనుకుంటే సగం మాటలు నావి అయిపోతాయి, వాళ్ళవి ఉండవు.

ఇక నీళ్ళ దగ్గరికి వద్దాం. "మీరు ఏ నీళ్ళు తాగుతారు?" అని నేను అడిగినా వచ్చిన జవాబు సర్వేలో వచ్చినదే. వంటింట్లో మూతపెట్టిన క్యాన్ చూపించేవారు. అందులో అబద్ధం లేదు. ఇంట్లో ఉన్నంతసేపూ తాగేది ఆ నీళ్ళే. అసలు ఆ మనిషి మేలుకుని ఉన్న గంటల్లో ఇంట్లో ఎంతసేపు ఉంటాడన్నది ఎవరూ అడగలేదు. అందుకని అడగడం మానేసి, ఒప్పుకున్నవాళ్ళ వెంట తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా తిరిగాను. ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని గుక్కలు, ఏ పాత్రతో అన్నదొక్కటే రాసుకున్నాను.

కొబ్బరి దింపుకు వెళ్ళే ఒకాయన నాలుగున్నరకు లేస్తాడు. కూడలిలో టీ తాగుతాడు. వెలుతురు రాగానే చెట్టెక్కుతాడు. ఎండ ముదిరేలోపు వీలైనన్ని చెట్లు ఎక్కాలి, ఎన్ని చెట్లు ఎక్కితే అంత కూలి. కడుపులో నీళ్ళుంటే పైకెక్కేటప్పుడు బరువుగా ఉంటుందని పని అయ్యేదాకా ముట్టుకోడు. పదిన్నరకు దిగి, తోట మూలనున్న నేలబావిలోంచి చేదతో తోడుకుని, దోసిలి పట్టి ఆపకుండా తాగాడు. ఎంత తాగాడో కొలవడం నా వల్ల కాలేదు. ప్లాంటు నీళ్ళు సీసాలో తెచ్చుకోవచ్చు కదా అని అడిగాను. "ఆ సీసా నీళ్ళు గొంతుక్కే సరిపోవమ్మా," అన్నాడు. ఇంటికెళ్ళి అన్నం తిన్నాక, ఒళ్ళునొప్పుల మాత్ర ఒకటి వేసుకుని పడుకున్నాడు. ఆ మాత్ర కిరాణా కొట్లో విడిగా అమ్ముతారు. నొప్పి మాత్రలు రోజూ మింగితే కిడ్నీకి చేటని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. నాకు అప్పగించిన పనిలో మాత్రల ప్రస్తావన లేదు. అయినా రిపోర్టులో దానికి ఒక అధ్యాయమే పెట్టాను.

జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళే ఆవిడ రోజు ఇంకో రకం. పలాస చుట్టుపక్కల ఈ పనికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. సీజనులో స్థానికంగా 80 కిలోల బస్తాల్లో వచ్చే పిక్కలు, మిగతా కాలంలో ఆఫ్రికా నుంచి దిగుమతయ్యేవి. పిక్క పగలగొట్టినప్పుడు చిమ్మే జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. అందుకే చేతులకు బూడిద రాసుకుంటారు. ఆవిడ అరచేతులు, వేళ్ళ కొసలు నల్లబారి, గీతలు పూర్తిగా చెరిగిపోయి ఉండేవి. వేలిముద్ర యంత్రం తన వేలిని గుర్తుపట్టదని నవ్వుతూ చెప్పింది, రేషను దగ్గర ప్రతిసారీ గొడవేనట. లోపల బాయిలరు ఆవిరి, పైన రేకులు. మధ్యాహ్నం రెండు దాటేదాకా ఆవిడ నీళ్ళు ముట్టుకోలేదు. దాహం వేయడం లేదా అంటే తల అడ్డంగా ఊపి ఊరుకుంది. అసలు జవాబు ఇంటికి నడిచొచ్చేటప్పుడు, చుట్టూ మగవాళ్ళు లేనప్పుడు చెప్పింది. అక్కడ ఆడవాళ్ళు వెళ్ళదగ్గ మరుగుదొడ్డి లేదు. నీళ్ళు తాగితే బయటికెళ్ళాలి. వెళ్ళడానికి చోటు లేదు, వెళ్తే ఆ కాసేపటి పని పోతుంది. పని తూకం మీద కూలి. అందుకని పొద్దున బయల్దేరేముందే నీళ్ళు తగ్గించేస్తుంది. తను ఒక్కతే కాదు, బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా అంతేనని చెప్పింది. ఆర్వో ప్లాంటులో ఎంత మంచి నీళ్ళు వస్తే ఏం లాభం?

ప్లాంటు సంగతి కూడా ఆవిడ నోటినుంచే తెలిసింది. అది తెరిచేది ఏడున్నరకు. ఆవిడ ఫ్యాక్టరీకి బయల్దేరేది ఆరింటికి. సాయంత్రం ఆవిడ వచ్చేసరికి మూసేస్తారు. ఇంట్లో మిగిలేది అత్త, స్కూలుకెళ్ళే ఇద్దరు పిల్లలు. ఇరవై లీటర్ల క్యాన్ ఆ ముసలావిడ ఎత్తగలదా? ఆదివారం నింపిన క్యాన్ గురువారం దాకా నడిపిస్తారు, పొదుపుగా. సంస్థ లెక్కలో క్యాన్లు తక్కువ తేలడానికి ఇది సగం కారణం. టైము మారిస్తే సరిపోయే సంగతి. ఎవరూ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఇంట్లో ఉండే వేళకు వెళ్ళి అడగలేదు. సర్వే కుర్రాళ్ళు వచ్చేది పదింటికి.

నన్ను ఎక్కువగా కదిలించిన ఇల్లు ఇంకొకటి. ఆ ఇంటాయన డయాలసిస్ మీద ఉన్నాడు. వారానికి రెండు మూడుసార్లు ఆటోలో పలాస వెళ్ళి, నాలుగు గంటలు మిషను మీద పడుకుని వస్తాడు. కిడ్నీలు నీటిని బయటికి పంపలేవు కాబట్టి నీళ్ళు బాగా తగ్గించమని డాక్టరు చెప్పాడు. ఆయన స్టీలు గ్లాసు మీద భార్య ఒక గీత పెట్టింది, పూటకు అంతే. ఎండాకాలం మధ్యాహ్నం ఆయన ఆ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, పెదాలు తడుపుకుంటూ కూర్చునేవాడు. ఆయన ఎదురుగా నీళ్ళు తాగడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పేది కాదు. అది ప్రేమ అనుకున్నాను, ప్రేమే. కానీ దాంతో పాటు ఇంకోటి ఉంది. పంతొమ్మిదేళ్ళ కొడుకు మేస్త్రీ దగ్గర పనికి వెళ్తాడు, జబ్బేమీ లేదు. ఒకరోజు అడిగితే చెప్పాడు: "నీళ్ళు ఎక్కువైతే కిడ్నీకి లోడు పడతాదంట కదా మేడం. నాన్నకి డాక్టరు సెప్పీసినాడు." ఎండలో ఇటుకలు మోసే కుర్రాడు, జబ్బు రాకుండా ఉండాలని నీళ్ళు తగ్గించుకుంటున్నాడు. డాక్టరు తండ్రికి రాసిన సలహా కొడుక్కి పథ్యమైపోయింది.

ఇదే మాట ఇంకెక్కడైనా ఉందేమోనని వెతికాను. ఉంది. డయాలసిస్ మనిషి ఉన్న ఇళ్ళల్లో, వాళ్ళ అన్నదమ్ముల ఇళ్ళల్లో, టీ కొట్ల దగ్గర. ఎండలో పనిచేసే, జబ్బులేని మనిషి నీళ్ళు బాగా తాగాలన్నది ఒక సలహా, కిడ్నీలు పనిచేయని మనిషి తగ్గించాలన్నది ఇంకో సలహా. రెండూ ఒకే ఊళ్ళోకి, ఒకే ఆసుపత్రి నుంచి వచ్చాయి. వచ్చినప్పుడు వేర్వేరుగానే వచ్చి ఉంటాయి. నోటినోటా తిరిగేటప్పుడు కలిసిపోయాయి. ఆ కుర్రాడితో మాట్లాడి, పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఫీల్డ్‌వర్కర్ ఊరి వ్యవహారంలో వేలు పెట్టకూడదని మా శాస్త్రంలో ఒక పాత పట్టింపు ఉంది. ఇలాంటి చోట దాన్ని పట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

ఊళ్ళో ఉండగా నాకూ బాగోని రోజులు వచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో గుడారం వేసుకుని మా శాస్త్రానికి ఊళ్ళో ఉండే పద్ధతి నేర్పిన మాలినోవ్‌స్కీ, ఆయన పోయిన చాలా ఏళ్ళకు 1967లో అచ్చయిన డైరీలో విసుగూ చిరాకూ పేజీల కొద్దీ రాసుకున్నాడు. మాస్టారి మేడమీద కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. నేనున్న కాలంలోనే ఊళ్ళో చావులు జరిగాయి. దినానికి వెళ్ళి పంక్తిలో కూర్చున్నాను, నోటుబుక్కు తీసుకెళ్ళలేదు. అక్కడ విన్నవి రాయలేదు, రిపోర్టులోనూ లేవు.

రిపోర్టు రాసేటప్పుడు సంస్థతో వాదన జరిగింది. వాళ్ళకు కావాల్సింది శాతాలు. నా దగ్గరున్నవి కొద్దిమంది మనుషుల పూర్తి రోజులు. ఇంత తక్కువమందితో ఊరంతటి మీద ఎలా తీర్పు చెబుతారని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఎంతమంది అలా చేస్తున్నారో నేను చెప్పలేను, ఎందుకు చేస్తున్నారో చెప్పగలను. ఆ ఎందుకు తెలిశాక ఎంతమంది అన్నది లెక్కపెట్టడానికి మీ సర్వే కుర్రాళ్ళు పనికొస్తారు అన్నాను. ఒప్పుకున్నారు, కొంచెం మొహం ముడుచుకునే.

నేను చెప్పినవాటిలో ప్లాంటు టైము మార్పు వెంటనే అమలైంది. అయిదింటికి తెరిచి, సాయంత్రం ఏడు దాటాక కూడా ఒక గంట ఉంచారు. పది లీటర్ల చిన్న క్యాన్లు తెచ్చారు. నీళ్ళు తాగమన్న సలహాకు, తగ్గించమన్న సలహాకు వేర్వేరు రంగుల కార్డులు ఆశా కార్యకర్తలతో ఇంటింటికీ పంచారు. తోటల్లో నీళ్ళ డ్రమ్ములు పెట్టాలన్నదానికి డబ్బులు లేవన్నారు. ఫ్యాక్టరీలో మరుగుదొడ్డి మాట సంస్థ తన పరిధిలోది కాదంది. ఒక యజమానిని నేను స్వయంగా కలిశాను. టీ ఇప్పించి, చూద్దాం అన్నాడు.

2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి పైపుల్లో నీళ్ళు తెచ్చే పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని, పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించారు. ఇళ్ళకు కుళాయి వస్తే క్యాన్ మోసే బాధ తగ్గుతుంది. తోటలోనూ ఫ్యాక్టరీలోనూ గడిచే గంటలు మాత్రం అలాగే ఉన్నాయి. సంస్థ తన సర్వే ఫారం మార్చింది. ఇప్పుడు మొదటి ప్రశ్న "నిన్న లేచాక మొదటిసారి నీళ్ళు ఎప్పుడు తాగారు?" దాని కింద ఎక్కడ, ఎంత, తర్వాత మళ్ళీ ఎప్పుడు అని వరసగా గళ్ళు. ఒక్కో ఇంటికి ఇదివరకటికన్నా రెట్టింపు టైం పడుతోందని, పైగా చీకటితో లేచి వెళ్ళాల్సి వస్తోందని సర్వే కుర్రాళ్ళు నాకు ఫోన్ చేసి మరీ గొణిగారు.